గరుడపక్షికి దండం పెడతాం సరే, మరి గద్ద సంగతేంటి?

వైజాగ్ వాళ్ళకి గద్దల గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది అనిపించొచ్చు. పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేసే దగ్గర్నుంచి సాయంత్రం బీచ్ రోడ్డులో మొక్కజొన్న కండె తినే దాకా ఎక్కడో ఒకచోట నెత్తిమీద తిరుగుతూనే ఉంటుంది. కానీ అలా తిరిగేది ఒక్క పక్షి కాదు, రెండు జాతులు. ఒకటి మామూలు గద్ద, పుస్తకాల్లో నల్లగద్ద అని రాస్తారు గానీ నలుపేం కాదు, మురికి గోధుమరంగు. రెండోది గరుడపక్షి, తెల్లటి తల, తెల్లటి రొమ్ము, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు, రెక్కల చివర్లు మాత్రం నలుపు. మొదటిది కనిపిస్తే హుష్ అంటాం, రెండోది కనిపిస్తే చెంపలేసుకుంటాం. ఈ పక్షపాతం మీదే నాకు కంప్లైంటు, అందుకే ఈ పోస్టు.

ముందు గుర్తుపట్టడం ఎలాగో చెప్తా. పెద్ద గరుడని గుర్తుపట్టడానికి ఏ తెలివీ అక్కర్లేదు, ఆ రంగుల్లో ఇంకో పక్షి మన ఊరి ఆకాశంలో లేదు. కష్టం ఎక్కడొస్తుందంటే ఒకటి ఎండకి ఎదురుగా ఎగురుతున్నప్పుడు, అప్పుడు అన్నీ నల్లగానే కనిపిస్తాయి, రెండోది గరుడపిల్లల దగ్గర. గరుడపిల్లలు పుట్టుకతో తెల్లతల వేసుకుని రావు, మొదట్లో గోధుమరంగులో అచ్చం గద్దల్లాగే ఉంటాయి, పెద్దవాటి రంగు పూర్తిగా రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. కాబట్టి హార్బర్‌లో మనం గద్ద అనుకుని హుష్ అనేవాటిలో కొన్ని గరుడలే. దండం పెట్టాల్సినదాన్ని అదిలిస్తున్నామన్నమాట, దానికేం పట్టదు లెండి.

అందుకని రంగు వదిలేసి తోక చూడండి. గద్ద తోక చివర చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది, గరుడ తోక గుండ్రంగా ఉంటుంది. ఇక్కడో మెలిక ఉంది, గద్ద తోకని పూర్తిగా విప్పినప్పుడు ఆ చీలిక మాయమైపోయి అంచు తిన్నగా కనిపిస్తుంది, ఈకలు రాలే సీజన్‌లో అయితే చివరి ఈకలు లేక ఎటూ కాకుండా ఉంటుంది. అలాంటప్పుడు తోక మూలలు చూడాలి, గద్దకి విప్పినా మూలలు కోసుగానే ఉంటాయి, గరుడకి మూలలే ఉండవు. ఇంకా డౌటుంటే కాసేపు చూస్తూ ఊరుకోండి, గద్ద గాలిలో ఉన్నంతసేపూ తోకని అటొకసారి ఇటొకసారి మెలితిప్పుతూనే ఉంటుంది, దాని స్టీరింగ్ అదే. గరుడ ఆ పని ఇంతగా చెయ్యదు. సైజులో కూడా తేడా ఉంది, గద్ద రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగున్నర అడుగుల పైమాటే, గరుడకి నాలుగడుగులకి కాస్త అటూ ఇటూ. రెండూ పక్కపక్కన ఎగిరితే తెలుస్తుంది, విడిగా కనిపిస్తే ఈ లెక్క ఎందుకూ పనికిరాదు.

అరుపు కూడా వేరే. గద్ద సన్నగా సాగదీసి, చివర్లో గొంతు వణికిస్తూ కూస్తుంది, పాత టౌనులో మధ్యాహ్నం పూట వినిపించేది అదే. గరుడది ముక్కుతో మూలిగే బాపతు. ఇంత గంభీరమైన పక్షికి ఈ గొంతేంటి అని మొదటిసారి విన్నవాళ్ళెవరికైనా అనిపిస్తుంది.

రెండింటినీ ఒకేచోట చూడాలంటే ఫిషింగ్ హార్బర్‌ని మించింది లేదు. బోట్లు వచ్చే టైముకి, అంటే తెల్లవారాక వేలం జోరు మీదున్నప్పుడు వెళ్ళాలి. వంజరం, చందువా, టేకు, సొర, ఆ పక్కన గుట్టలుగా కానాగంతలు, కవళ్ళు, ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, కింద అంతా తడి, పైన గద్దలు. జాగ్రత్తగా చూస్తే ఇవి స్థలం పంచుకున్నాయా అనిపిస్తుంది. గరుడలు ఎక్కువగా బోట్ల మధ్య నీళ్ళ మీద తిరుగుతాయి, నీళ్ళలోకి విసిరేసిన చచ్చు చేపల్ని, తేలుతున్న పేగుల్నీ ముక్కునైనా తడపకుండా కాళ్ళతో ఎత్తుకుపోతాయి. గద్దలు మాత్రం జెట్టీ మీద, లారీల మీద, చేపలు కోసే ఆడవాళ్ళ నెత్తిమీద. గట్టి గీత ఏం కాదిది, దొరికినప్పుడు అటువి ఇటు ఇటువి అటు వస్తూనే ఉంటాయి.

ఎండుచేపలు ఆరబోసే చోట ఒకావిడ కర్ర పట్టుకుని కూర్చునుంది, పైన ఒక పెద్ద గరుడ కిందకి కిందకి వస్తోంది, నేను కెమెరా ఎత్తగానే నవ్వింది. "ఏటి బాబూ, గెద్దలకి కూడా ఫొటోలేటి" అంది. "అప్పా, ఇది గరుడ కదా, దీన్ని కూడా తోలేస్తావా" అన్నాను. "దేవుడైతే మాత్తరం నా నెత్తళ్ళు ఊరికే ఒగ్గేత్తానేటి? రెండూ దొంగముండలే" అని కర్ర ఊపింది. ఆ గరుడ పక్కకి జరిగి రెండు నిమిషాల్లో ఇంకో వైపు నుంచి వచ్చి రెండు నెత్తళ్ళు పట్టుకుపోయింది. పక్షి శాస్త్రం పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

నిజమే, గరుడ దొంగతనంలో ఎవరికీ తీసిపోదు. వేరే పక్షులు పట్టుకున్నది లాక్కోవడం దానికి మామూలు అలవాటు, ఇరవాడీ డాల్ఫిన్లు చేపల్ని పైకి తరుముతుంటే మధ్యలో దూరి కాజెయ్యబోయిన రికార్డులు కూడా ఉన్నాయి. గుంపు కడితే స్టెప్పీ ఈగిల్ లాంటి తనకంటే చాలా పెద్ద పక్షి మీద కూడా పడుతుంది. చేప కోసం దిగి ఒక్కోసారి నీళ్ళలో పడిపోయినా కంగారుపడదు, రెక్కలతో ఈదుకుంటూ మళ్ళీ లేచిపోతుంది. పీతలు, కప్పలు, చచ్చినవి, ఏవైనా తింటుంది. విష్ణుమూర్తి వాహనం అనగానే పాముల్ని చీల్చి చెండాడే సీను ఊహించుకుంటాం గానీ దాని రోజువారీ జీవితం ఎక్కువగా ఎవరో పారేసిన చేపల మీద నడుస్తుంది. వేటాడటం రాదని కాదు, కష్టపడకుండా దొరుకుతుంటే కష్టపడటం ఎందుకు అనే పాలసీ. ఇందులో నేను తప్పు పట్టేదేం లేదు, అదే పని గద్ద చేస్తే మాత్రం నీచం అంటాం చూశారా, అక్కడ నాకు మండుతుంది.

మా అమ్మమ్మ గరుడ కనిపిస్తే చేతిలో ఉన్న పని ఆపేసి కృష్ణా అని చెంపలేసుకునేది, అదే చేత్తో గద్ద వస్తే కోడిపిల్లల్ని గంప కింద మూసేది. అమ్మమ్మకి ఆ కోపం న్యాయమే, కోడిపిల్లలు ఆవిడవి, గద్ద తన్నుకుపోతే నష్టం ఆవిడది. గుళ్ళలో కుంభాభిషేకాలప్పుడు గోపురం మీద గరుడ తిరిగితే దేవుడు వచ్చినట్టే అని ఎదురు చూస్తారు, శబరిమలలో మకరజ్యోతి ముందు తిరువాభరణాల ఊరేగింపు వెళ్తుంటే పైన గరుడ తిరుగుతుందని, దానికోసం జనం ఆకాశంలోకి చూస్తారని మాల వేసుకున్నవాళ్ళందరికీ తెలుసు. మన దేశంలోనే కాదు, ఇండోనేషియాలో జకార్తా నగరానికి గుర్తు ఈ పక్షే. ఇంత పేరు ఆ రంగు వల్లే వచ్చిందని నా గట్టి అనుమానం. పిల్లలప్పటి గోధుమరంగే జీవితాంతం ఉండిపోయుంటే దీన్ని కూడా కర్రతో తోలేవాళ్ళమే.

సైన్సు వాళ్ళకి మాత్రం ఇవి దగ్గర చుట్టాలు. రెండింటికీ శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఒకే మనిషి, ఒకే సంవత్సరం, పీటర్ బోడార్ట్ అనే డచ్ ఆయన 1783లో. గరుడ అప్పటికే పాండిచ్చేరి ఈగిల్ అనే పేరుతో ఫ్రెంచి పుస్తకాల్లోకి ఎక్కేసింది. ఇప్పుడు గద్ద మిల్వస్ అనే ప్రజాతిలో, గరుడ హాలియాస్టర్‌లో ఉన్నాయి, ఈ రెండు ప్రజాతులకీ ఇంకో దగ్గరి చుట్టం సముద్రపు డేగలు, అంటే యారాడ వైపు అదృష్టం బాగుంటే కనిపించే ఆ పెద్ద తెల్లపొట్ట పక్షి కూడా ఈ బంధువర్గమే. అసలు విషయం ఏంటంటే, మన దేశంలో ఏడాది పొడుగునా ఉండే గద్ద రకానికి 1832లో సైక్స్ అనే ఆయన పెట్టిన పేరు గోవింద. దండాలన్నీ గరుడకి, గోవింద నామం మాత్రం హుష్ అనిపించుకునేదానికి.

ఇక నా పార్టీ గద్ద. ప్రపంచంలో డేగల కుటుంబం మొత్తంలో ఎక్కువ సంఖ్యలో ఉన్న పక్షి బహుశా ఇదేనంటారు, ఆఫ్రికా, యూరప్, ఆసియా, ఆస్ట్రేలియా అంతా ఉంది. గరుడ అలా కాదు, మన దేశం, శ్రీలంక నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా, అది కూడా నీళ్ళు దగ్గరుంటేనే ఎక్కువ. సముద్రం, చెరువు, మడ, వరిచేలు, ఇవి లేకపోతే దానికి ఊరు నచ్చదు. గద్దకి మనిషి ఉంటే చాలు. కాపులుప్పాడ డంపింగ్ యార్డు మీద చూడండి, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల చూడండి, ఆదివారం చికెన్ షాపుల ముందు కరెంటు తీగల మీద వరసగా కూర్చున్నవాటిని చూడండి. గోళ్ళు పెద్ద బలమైనవేం కాదు, పెద్ద జంతువుని చంపే సత్తా లేదు, కానీ ఆ బలం లేకుండానే ట్రాఫిక్ మధ్యలోకి దూసుకొచ్చి రోడ్డు మీద పడ్డ చికెన్ తోలుని ఆటోకి, బస్సుకి మధ్య నుంచి ఎత్తుకుపోతుంది, పైకి వెళ్ళాక ఎక్కడా వాలకుండా ఎగురుతూనే కాలితో నోటికి అందించుకుని తినేస్తుంది. ఆ డైవింగ్ కంట్రోల్ గరుడకి లేదని నా అభిప్రాయం, గరుడ అభిమానులు కొట్టడానికి రావద్దు.

తెలివి సంగతి చెప్పాలంటే స్పెయిన్‌లో దోన్యానా అనే చోట గద్దల గూళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది, 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. అక్కడి గద్దలు గూట్లో తెల్ల ప్లాస్టిక్ ముక్కలు తెచ్చి పెట్టుకుంటాయి. మనం చెత్త అనుకుంటాం, కానీ బలంగా, మంచి వయసులో ఉన్న జంటలే ఎక్కువ ప్లాస్టిక్ పెడతాయట, ఈ గూటి జోలికి రాకండి అని మిగతా గద్దలకి బోర్డు అన్నమాట. బలహీనమైనవాటి గూటికి పరిశోధకులే అదనంగా ప్లాస్టిక్ ఇస్తే అవి తీసి పారేశాయి, లేనిపోని గొప్పలకి పోతే తన్నులు తప్పవని వాటికి తెలుసు. ఫేస్‌బుక్‌లో మనకి అంత బుద్ధి లేదు. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో అయితే అడవి మంటల దగ్గర ఈ గద్దలు, ఇంకో రెండు జాతుల పక్షులు కాలుతున్న పుల్లల్ని తీసుకెళ్ళి వేరేచోట పడేసి మంటని పాకిస్తాయని అక్కడి ఆదివాసులు తరతరాలుగా చెప్తున్నారు, మంటకి భయపడి బయటికొచ్చే పురుగుల్ని, తొండల్ని తినడానికి. 2017లో వాళ్ళు చెప్పినవి, చూసినవాళ్ళ అనుభవాలు కలిపి పరిశోధకులు ఒక పేపర్ కూడా వేశారు.

ఇంకోటి, చలికాలంలో మన దేశంలో కనిపించే గద్దలన్నీ ఇక్కడివి కావు. కాస్త పెద్దగా, కంటి వెనక ముదురు మచ్చతో ఇంకో రకం ఉత్తరం నుంచి వస్తుంది. ఢిల్లీలో చలికాలం గడిపే అలాంటివాటికి శాటిలైట్ ట్యాగులు కట్టి చూస్తే అవి వేసవికి హిమాలయాలు దాటి మధ్య ఆసియా వైపు వెళ్ళిపోతున్నాయని తేలింది. చెత్తకుప్ప మీద కూర్చుంది కదా అని చులకనగా చూసే పక్షి అంత ఎత్తు కొండలు దాటి వచ్చినది కావచ్చు. గరుడ ఇలాంటి దూరాలు పోదు, వానల్ని బట్టి ఆ చుట్టుపక్కలే అటూ ఇటూ సర్దుకుంటుంది.

ఈ రెండింటి తేడా బాగా బయటపడేది ఏప్రిల్‌లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. మెకనైజ్డ్ బోట్లన్నీ జెట్టీలో కట్టేసి ఉంటాయి, వలలు కుట్టుకోవడం, బోట్లకి రంగులేసుకోవడం తప్ప పనుండదు. ఆ రెండు నెలలు హార్బర్ మీద ఆకాశం పలచబడిపోతుంది. గద్దలకి పెద్ద బెంగేం ఉండదు, చికెన్ షాపులకి నిషేధం లేదు, అవి ఊళ్ళోకి సర్దుకుంటాయి. గరుడలు మాత్రం ఇంజన్ లేని తెప్పలు ఇంకా వెళ్ళొచ్చే జాలరిపేట ఒడ్డున, లేదంటే మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ లాంటి నీళ్ళ దగ్గర ఎక్కువ కనబడతాయి. అవే పక్షులు ఇక్కడినుంచి అక్కడికి వెళ్తున్నాయని నేను గ్యారంటీ ఇవ్వను, కాళ్ళకి రింగులేం లేవు కదా, నాకు కనిపించే లెక్క మాత్రం అది. మళ్ళీ జూన్ రెండో సగంలో బోట్లు కదిలాయంటే రెండు మూడు రోజుల్లో అందరూ డ్యూటీకి హాజరు.

జూన్‌లోనే ఇంకో మంచి సీను ఉంటుంది, తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి చూడండి, అప్పుడు రెండు జాతులూ దొంగతనాలు, తగాదాలు పక్కనపెట్టి గాలిలోనే ఒక్కో ఉసిలి పురుగునీ కాలితో పట్టుకుని నోట్లో వేసుకుంటూ గంటలకొద్దీ తిరుగుతాయి. అంత పెద్ద పక్షి అంత చిన్న పురుగుని అంత నాజూగ్గా పట్టుకోవడం చూస్తే సింహాచలం కొండ వైపు డాబా ఉన్నవాళ్ళ మీద నాకు అసూయ పుడుతుంది. తడిసినా పర్లేదు, ఆ రోజు డాబా ఎక్కాల్సిందే.

గూళ్ళ విషయానికొస్తే రెండూ చలికాలం నుంచి ఎండలు ముదిరే లోపు పిల్లల్ని చేసుకుంటాయి, రెండు మూడు గుడ్లు, గరుడ అయితే ఎక్కువగా రెండే. గరుడకి నీళ్ళకి దగ్గరగా పెద్ద చెట్టు కావాలి, కొబ్బరిచెట్టైనా మడచెట్టైనా సరే. గద్ద చెట్టు దొరికితే చెట్టు, లేకపోతే సెల్ టవరు, లేకపోతే స్టేడియం లైటు స్తంభం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో పెద్ద చెట్లు చాలావాటిని పడేసింది గుర్తుంది కదా, అప్పుడు ఎవరికి ఎక్కువ దెబ్బ తగిలి ఉంటుందో ఆలోచించండి. నాటిన మొక్కలు ఇప్పుడు నీడనిచ్చే సైజుకి వచ్చాయి గానీ గరుడ గూడు పెట్టే సైజు చెట్టు అంటే ఇంకా చాలా ఏళ్ళు ఆగాలి. అందుకే పోర్టు వైపు మిగిలిన ఆ కాస్త మడచెట్లనీ పిచ్చిమొక్కల్లా చూడొద్దని ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తుంటాను. రెండు జాతులకీ ప్రపంచ స్థాయిలో ప్రస్తుతానికి ముప్పేం లేదు, అది వేరే సంగతి, మన ఊరి మీద గరుడ తిరగాలా వద్దా అన్నది మన ఊరి చెట్ల లెక్క.

సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసేవాళ్ళకి ఒక మాట. గాజుపొడి మాంజా, నైలాన్ మాంజా 2017లోనే గ్రీన్ ట్రైబ్యునల్ నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. అది రెక్కకి చుట్టుకుంటే కండ తెగి ఎముక దాకా పోతుంది, ఇక ఆ పక్షి ఎగరదు. దారానికి గరుడ, గద్ద తేడా లేదు. దెబ్బతిన్న పక్షి కనబడితే గుడ్డ కప్పి గాలాడే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యండి, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, ఇంట్లో పెంచుకుందామని ముచ్చటపడొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

హార్బర్‌కి వెళ్దామనుకునేవాళ్ళకి, ఆదివారం కాకుండా వేరే రోజు చూసుకోండి, జనం మధ్య నిలబడి పైకి చూడటం కుదరదు. సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు కాబట్టి వీపు అటు పెట్టి నిలబడితే రంగులు కనిపిస్తాయి, లేకపోతే అన్నీ నల్లగద్దలే. పెద్ద లెన్సేం అక్కర్లేదు, అవే దగ్గరికొస్తాయి, మామూలు బైనాక్యులర్ చాలు. పాత చెప్పులు వేసుకోండి. వస్తూ వస్తూ చేపలు కొంటే మాత్రం ఆ కవరు చేతిలో ఊపుకుంటూ నడవకండి, బ్యాగులో పెట్టేసుకోండి, గోవిందుడు చూస్తూ ఉంటాడు.